నిద్రగన్నేరు ఇంట్లో పిట్ట

అమీర్‌పేటలో ఖాళీ ఇల్లంటేనే దెయ్యం ఉన్నట్టు లెక్క.

మీరే ఆలోచించండి. మెట్ల కింద జాగాకు తలుపు పెట్టి సింగిల్ రూమ్ అని అద్దెకిచ్చే పేట ఇది. బాల్కనీకి ప్లైవుడ్ కొట్టి ఇద్దరిని పడుకోబెట్టే పేట ఇది. అలాంటి చోట, బల్కంపేటకు పోయే ఓ సందు మలుపులో, పాత పెంకుటిల్లు ఒకటి ఏళ్ళ తరబడి తాళం వేసి ఉందంటే... గోడకు ఒక్క టూ-లెట్ బోర్డు కూడా లేదంటే... ఎవరూ ఊరికే వదిలేసినట్టు కాదు. వదిలేసేలా చేసింది ఏదో లోపల ఉన్నట్టు.

నిద్రగన్నేరు ఇల్లు అంటారు దాన్ని. ముందర పెద్ద నిద్రగన్నేరు చెట్టు. పొద్దుగూకితే దాని ఆకులు ముడుచుకుంటాయి. చెట్టే కళ్ళు మూసుకునే చోట మనకెందుకు కళ్ళు తెరిచి చూడటం అని సందులో వాళ్ళు తల తిప్పుకుని పోతారు.

లోపల ఉన్నది ఎవరన్న దానిమీద మాత్రం ఏకాభిప్రాయం లేదు. కోడలు చచ్చి దెయ్యమైందని అత్తలు చెప్తారు. కాదు, అత్తే చచ్చి అయిందని కోడళ్ళు చెప్తారు. మగ దెయ్యమని మాత్రం ఒక్కరూ అనరు. బతికున్నన్నాళ్ళు ఎవరి నోరు లేవనివ్వలేదో వాళ్ళ నోరే చచ్చాక లేస్తుందని లోకానికి భయం కాబోలు!

రెండు సంగతుల్లో మాత్రం అందరిదీ ఒకే మాట. తెల్లారకముందు, పాలప్యాకెట్ల బండి ఇంకా రాని వేళ, ఆ ఇంట్లోంచి గుసగుస వినిపిస్తుంది. ఎవరో ఎవరితోనో మాట్లాడుతున్నట్టు... ఆగి, జవాబు కోసం చూస్తున్నట్టు...

రెండోది, ఆ మధ్య మొదలైంది. వరండాలో తెల్లగా ఒక ఆకారం. తల ఉంది. చేతులున్నాయి.

నడుము కింద — ఏమీ లేదు.

*

ఆ సందులోనే, నిద్రగన్నేరు ఇంటికి ఎదురు మేడ మీద ఉంటుంది నవీన. పంజాగుట్టలో ఓ ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది. అంటే ఇతరుల పనిలో తప్పులు పట్టడమే ఉద్యోగం. ఇంటికొచ్చాక అదే పని జీతం లేకుండా చేస్తుంది. వాళ్ళ నాన్న హనుమాండ్లుకు మైత్రీవనం కోచింగ్ సెంటర్ల దగ్గర జిరాక్స్ షాపు. కూతురితో వాదన పెట్టుకునే కన్నా పేపర్ ఇరుక్కున్న మెషిన్‌తో పెట్టుకోవడం నయమని ఆయన అనుభవం.

డిసెంబరు వచ్చింది. మిగిలిన సెలవులు ఏడాది దాటితే మురిగిపోతాయని నవీన వారం రోజులు లీవు పెట్టింది. ఆఫీసు స్నేహితురాలు మంజూష వాళ్ళ బాబాయికి వికారాబాద్ అవతల మామిడితోట ఉంది.

"ఏం చేయాలే అక్కడ వారం రోజులు?" అంది నవీన.

"ఏంటి చేసేది? పొద్దున్నే లేచి పిట్టల్ని చూడటం. మా బాబాయికి అదే పిచ్చి. నువ్వూ చూడు, నీకు ఎలాగూ కనబడినదాన్ని గుచ్చి గుచ్చి చూడటం అలవాటే కదా."

బాబాయి అచ్యుతరావు గారు బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. మెడలో బైనాక్యులర్, నెత్తిన మంకీ టోపీ. పాలపిట్ట తెలుసు, లకుముకి తెలుసు, గిజిగాడు తెలుసు. అవి కానివన్నీ ఆయన లెక్కలో వలసపిట్టలే.

"అదేం పిట్ట అంకుల్?"

"వలసపిట్టమ్మా. సైబీరియా."

"మరి అది?"

"అదీ అంతే. మంగోలియా కావచ్చు."

రెండో రోజు నవీన బైనాక్యులర్ పెట్టి, మునివేళ్ళ మీద నిలబడి, ఊపిరి బిగబట్టి ఒక నల్లటి పిట్టను ఎంతోసేపు చూసింది. అది కదలదు. ఎగరదు. గాలికి రెక్క ఒకటి మాత్రం అల్లాడిస్తుంది. ఎంత ఓపిక గల పిట్టో అని ముచ్చటపడి మెల్లగా దగ్గరికి పోతే... కరెంటు తీగకు చిక్కుకున్న ప్లాస్టిక్ కవరు.

"సైబీరియాదా, మంగోలియాదా?" అని మంజూష నవ్వి నవ్వి గట్టు మీద కూలబడింది.

కానీ మూడో రోజుకు ఏదో మారింది. చెరువు మీద మంచు లేస్తుంటే తీతువు ఒకటి అరుస్తూ పోయింది. ఎండిన తుమ్మకొమ్మ మీద పాలపిట్ట ముద్దలా ముడుచుకుని కూర్చుంది, బూడిద రంగులో, ఏమీ కానట్టు. అది ఒక్కసారి రెక్కలు విప్పింది. ఆ నీలం! నవీన నోట మాట రాలేదు. నవీనకు మాట రాకపోవడం ఎంత పెద్ద విషయమో హనుమాండ్లు చూసి ఉంటే మొక్కు చెల్లించుకునేవాడు.

ఆ సాయంత్రమే జరిగింది అసలు సంగతి.

తోట చివర మోటారు షెడ్డు ఉంది. మసకచీకట్లో తిరిగి వస్తూ నవీన ఒక్కతే దాని పక్కనుంచి నడిచింది. లోపల ఎవరో... ఊపిరి లాగారు.

శ్‌శ్‌శ్...

ఆగింది. అదీ ఆగింది. అడుగేసింది.

శ్‌శ్‌శ్‌శ్...

రేకుల సందులోంచి తెల్లటి ముఖం ఒకటి కిందికి వంగింది. గుండ్రంగా, పళ్ళెంలా. ముక్కు లేదు. నోరు లేదు. నల్లటి కళ్ళు రెండే...

నవీన చెప్పు ఒకటి అక్కడే ఉండిపోయింది. మనిషి మాత్రం ఇంట్లో ఉంది, మంచం మీద, దుప్పటి లోపల.

పొద్దున అచ్యుతరావు గారు చెప్పు పట్టుకొచ్చి ఇచ్చారు. "గుడ్లగూబమ్మా, తెల్లది. పిల్లల్ని పెట్టింది. ఆ బుసలు పిల్లలవే, ఆకలేసి. పాపం, నువ్వు పరుగెత్తిన పరుగుకి తల్లి రాత్రంతా గూటికి రాలేదు. దానికి నువ్వే దెయ్యం."

మంజూష ఆ సంగతి ఆఫీసు గ్రూపులో పెట్టింది. ఒంటి చెప్పు బొమ్మతో సహా.

నవీన అప్పుడే ఒక తీర్మానం చేసుకుంది. ఇక జన్మలో చీకట్లో ఏం వినిపించినా, అది పిట్టే. కాదని ఎవరైనా అంటే వాదించి ఓడిస్తుంది. ఒకసారి పిట్టను దెయ్యమనుకున్న మనిషి, ఆ తర్వాత దెయ్యమే ఎదురొచ్చి నిలబడినా పిట్టే అంటుంది. అవమానం అట్లాంటిది!

బయలుదేరేటప్పుడు అచ్యుతరావు గారు బైనాక్యులర్ ఆమె మెడలో వేశారు. "పాతదే, ఉంచుకో. మీ అమీర్‌పేటలోనూ చూడమ్మా. పిట్టలకేం, అద్దె కట్టక్కర్లేదు."

*

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే నవీన మేడెక్కింది. నీళ్ళట్యాంకుల మధ్య పావురాలు, కేబుల్ వైర్ల మీద గోరింకలు, దూరంగా ఎర్రమంజిల్ వైపు గద్దలు. ఎదుట నిద్రగన్నేరు. బైనాక్యులర్‌ను కొమ్మ కొమ్మకూ జరుపుకుంటూ పోతే, కాండంలో పెద్ద తొర్ర. తొర్రలో తెల్లటి ముఖం, పళ్ళెంలా...

ఈసారి పరుగెత్తలేదు. "అమ్మ దొంగా, నువ్వా!" అంది, చుట్టం కనబడినట్టు.

తొర్ర కిందుగా ఇంటి కిటికీ ఒకటి, ఒక రెక్క ఊడి, నల్లగా నోరు తెరుచుకుని ఉంది. దాన్నెవరు చూస్తారు? నవీన చూపంతా తొర్ర మీదే. అక్కడ పిల్లలున్నాయి. అవి బుసకొడుతున్నాయి. అంటే సందంతా వణికే ఆ గుసగుస...

ఎగిరి గంతేసి కిందికొచ్చింది. కింద అప్పటికే వేరే సభ నడుస్తోంది.

నిద్రగన్నేరు ఇంటి వెనక గోడకు ఆనుకునే జానకీదేవి గారి లేడీస్ హాస్టల్. ఆవిడ భీమవరం నుంచి వచ్చి ఇరవై గదులు నడుపుతున్న ధీశాలి. ఆ పొద్దున కళ్ళొత్తుకుంటోంది.

"ఇంకో ఇద్దరు ఖాళీ చేసేశారండీ హనుమాండ్లు గారూ. కిటికీ పక్క మంచం అంటే ఎవ్వరూ చేరట్లేదు. నేనేం చేయనండీ?"

"ఫికర్ చేయకుండ్రి మేడం. చెట్టు ఉండబట్టే గా దయ్యం ఆడ ఉన్నది. ఆదివారం పొద్దుగాల మనిషి వస్తుండు. రంపం వెట్టి చెట్టు కోసేస్తడు. జాగ తెల్లగైతది, పీడ పోతది. వైర్లకు తాకుతుందని చెప్పినమంటే అడిగెటోడు లేడు."

నవీన చివరి మెట్టు మీదే ఆగిపోయింది. "డాడీ! దాంట్ల పిల్లలున్నయ్."

"ఎవలి పిల్లలు?" హనుమాండ్లు ముఖం పాలిపోయింది. "దయ్యానికి పిల్లలు సుత అయినయా?"

"గుడ్లగూబ పిల్లలు! మీరు వినేది గదే. పిట్ట సప్పుడుకు చెట్టు కొడ్తరా? రేపు కుక్క మొరిగిందని కరెంటు స్తంభం పీకుతరా?"

"ఏంటమ్మా, గుడ్లగూబ తెల్లచొక్కా వేసుకుని వరండాలో తిరుగుద్దా?" అంది జానకీదేవి గారు. "మా పిల్లలు చూశారు. కాళ్ళు లేవట!"

"కూసున్న పిట్టకు కాళ్ళు కనబడయ్ ఆంటీ."

"నవీ, జర ఆగు." హనుమాండ్లు చెయ్యెత్తాడు. "వారం దినాలు పొలాలల్ల తిరిగొచ్చి నువ్వు పిట్టల డాక్టర్ అయినవా? నా పెండ్లి కాకముందు కెళ్ళి ఇంటున్నరు గా సప్పుడు."

"ఇన్నరు. చూసిండ్రా? ఒక్కరన్న లోపలికి వోయి చూసిండ్రా? చూడకుండ పుకార్లు మీయి, కోత మాత్రం చెట్టుకా? నిరూపించాల్సింది దయ్యం ఉందన్నోళ్ళు, లేదన్న నేను కాదు. అయినా నేనే పోత. ఆదివారం తెల్లారకముందు, గా సప్పుడు వచ్చేటప్పుడే పోత. చూసొచ్చి చెప్త. అప్పటిదాంక ఆకు ముట్టొద్దు."

హనుమాండ్లు మెల్లగా అన్నాడు. "పోయి చూసి, ఎల్లమ్మ తల్లి మీద ఒట్టేసి చెప్పాలె. వేస్తవా?"

బల్కంపేట ఎల్లమ్మ మీద ఒట్టు. బోనం ఎత్తుకుని గుళ్ళోకి పోయే ఇంట్లో పుట్టిన పిల్లకు అది ఆఫీసు గ్రూపులో పెట్టే మాట కాదు.

"వేస్త," అంది నవీన.

ఆదివారం. చలి. సందు దీపం ఒకటి వెలిగి ఆరి, వెలిగి ఆరి, ఇక నా వల్ల కాదన్నట్టు ఆరిపోయింది. నవీన మెడలో బైనాక్యులర్, చేతిలో ఫోను. గేటుకు తుప్పు తాళం. పక్క గోడ కూలిన చోట కాలెత్తి దాటింది.

కాలి కింద ఎండాకులు... కర్‌ర్‌ర్...

తల పైన ముడుచుకున్న చెట్టు. అంత పెద్ద చెట్టు ఒక్క ఆకూ కదపకుండా నిలబడటం ఆమె పగలు ఎప్పుడూ చూడలేదు. పిడికిలి బిగించి నిద్ర నటిస్తున్నట్టుంది.

శ్‌శ్‌శ్...

తొర్రలోంచే. పిల్లలే. "థాంక్స్ రా బుజ్జీ," అని గొణిగింది. గెలిచేసింది! ఇక ఫోనులో ఆ సప్పుడు రికార్డు చేసుకుని పోతే చాలు. పైకి చూస్తూ రెండడుగులు వెనక్కి వేసింది. వీపుకు చల్లగా ఏదో తగిలింది.

కిటికీ చువ్వలు.

అప్పుడు... చెవి వెనక... లోపలి చీకట్లోంచి...

గుసగుస.

పిల్లల బుస కాదు. ఆగి, ఊపిరి తీసుకుని, మాటలు కూర్చుకున్నట్టు...

"టెల్ మీ... అబౌట్... యువర్‌సెల్ఫ్..."

ఇంకో ఊళ్ళో పుట్టిన పిల్లయితే కెవ్వుమనేది. కాళ్ళకు పని చెప్పేది, ఆంజనేయ దండకం ఎత్తుకునేది. కానీ నవీన అమీర్‌పేటలో పుట్టింది. ఇంటర్వ్యూ కోచింగుల్లో ఆ ప్రశ్న వింటూ పెరిగింది. ఆ ప్రశ్నకు జవాబు జిరాక్స్ తీసి అమ్మే తండ్రి కడుపున పుట్టింది. నిద్రలో లేపి అడిగినా ఆ జవాబు దానంతటదే వస్తుంది. భయంలో అడిగితే ఇంకా తొందరగా వచ్చింది.

వీపు నిటారైంది. చేతులు ముందుకొచ్చి ఒకదాని మీద ఒకటి చేరాయి.

"గుడ్ మార్నింగ్ సర్. మై నేమ్ ఈజ్ నవీన. ఐ బిలాంగ్ టు ఎ మిడిల్ క్లాస్ ఫ్యామిలీ. మై ఫాదర్ ఈజ్ ఎ బిజినెస్‌మ్యాన్. ఐ యామ్ ఎ హార్డ్ వర్కర్ అండ్ క్విక్ లర్నర్. మై హాబీస్ ఆర్..."

ఇక్కడ ఎప్పుడూ రీడింగ్ బుక్స్ అని అబద్ధం చెప్పేది. ఈసారి నోటికి వేరే మాట వచ్చింది.

"...బర్డ్ వాచింగ్."

అప్పుడు తెలిసింది ఆమెకు — తను ఏం చేస్తోందో. ఎవరికి చెప్తోందో. ఫోను టార్చి వేసింది. వెలుగు వరండా వైపు తిరిగింది...

తెల్లగా... తల ఉంది. చేతులున్నాయి. మెడలో ఏదో వేలాడుతోంది.

నడుము కింద ఏమీ లేదు!

నవీన అరిచింది. అదీ అరిచింది. తొర్రలోంచి గుడ్లగూబ అరిచి ఎగిరిపోయింది.

"మీరేనా అక్కా!" అందా ఆకారం.

"నువ్వేనా!" అంది నవీన.

ఇద్దరికీ అంతా అర్థమైపోయింది. కనీసం ఇద్దరూ అట్లనే అనుకున్నారు.

టార్చి కిందికి దించితే నడుము కిందంతా నల్ల లుంగీ. పైన ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, మెడలో సగం కట్టిన టై. చీకట్లో నలుపు చీకటిలో కలిసిపోయి, తెలుపు మాత్రం మిగిలింది. సందంతా వణికించిన కాళ్ళులేని దెయ్యానికి కాళ్ళున్నాయి. హవాయి చెప్పులు కూడా ఉన్నాయి.

పేరు రిషి. మహబూబాబాద్ దగ్గర పల్లె. పక్క సందు బాయ్స్ హాస్టల్లో ఉంటూ కోర్సు చేస్తున్నాడు.

"రూంల అయిదుగురం ఉంటమక్కా. నోరు తెరిచి ఇంగ్లీషు మాట్లాడితే పొట్టలు పట్టుకుని నవ్వుతరు. బయట ఏడ చూసినా మనుషులే. ఈడైతే ఎవ్వరు రారని... తెల్లారకముందు వచ్చి ప్రాక్టీస్ చేసుకుంటున్న."

"దయ్యానికి భయపడవా?"

"ఇంటర్వ్యూ కన్నానా?" అన్నాడు వాడు. నవ్వలేదు.

గోడ అవతల మాటలు మొదలయ్యాయి. దగ్గులు, చెప్పుల చప్పుడు. సందు లేచింది.

రిషి చేతులు జోడించాడు. "చెప్పకండక్కా. వచ్చే నెలనే ఇంటర్వ్యూ. ఇది తెలిస్తే రూంమేట్లు నన్ను బతకనియ్యరు. గింత జాగ కూడ పోతది నాకు."

నవీన తలెత్తి తొర్రను చూసింది. తల్లి తిరిగి వచ్చి అంచున వాలింది. ఇద్దరు కిరాయిదార్లు, పైన ఒకరు, కింద ఒకరు. ఇద్దరికీ వేరే దిక్కు లేదు.

"వెనక గోడ దాటి ఉరుకు. రేపటిసంది ఆ తెల్లచొక్కా వేసుకుని తిరగకు. గొంతు తగ్గించు," అంది.

*

గేటు ముందు సందు సందంతా ఉంది. రంపం పట్టుకుని కోసేవాడు, నిమ్మకాయ పట్టుకుని హనుమాండ్లు, పమిట కొంగు నోటికి పెట్టుకుని జానకీదేవి గారు. జుట్టులో ఎండాకులతో కూతురు గోడ దాటి వస్తుంటే హనుమాండ్లు ముందు నిమ్మకాయ తిప్పాడు. తర్వాత ఒళ్ళంతా తడిమి చూశాడు. ఆ తర్వాతే అడిగాడు.

"ఏందది? పిట్టనా... గా దయ్యమా?"

నవీన ఒక్క క్షణం ఆలోచించింది. పిట్ట మాత్రమే అని ఒట్టేస్తే అబద్ధం. వాదించడం తెలిసిన మనిషి అబద్ధం ఆడదు, నిజంలో తనకు కావలసిన ముక్క కోసుకుంటుంది.

"ఎల్లమ్మ తల్లి మీద ఒట్టు. గా ఇంట్ల దయ్యం లేదు. చెట్టు మీద గుడ్లగూబ ఉన్నది, పిల్లలున్నయ్. నా కండ్లతోని చూసిన."

"మరి ఆ తెల్లచొక్కా?" అంది జానకీదేవి గారు.

"వలసపిట్ట ఆంటీ. సైబీరియా. నెల రోజులల్ల వెళ్ళిపోతది."

ఎల్లమ్మ పేరు ఎత్తాక ఇంకేం మాట్లాడతారు? కోసేవాడు టీ తాగి రంపం భుజాన వేసుకుని పోయాడు. జానకీదేవి గారు కిటికీ పక్క మంచానికి "పిట్టల వ్యూ" అని పేరు పెట్టి అద్దె పెంచింది. హనుమాండ్లు షాపులో వచ్చిన ప్రతివాడికీ, "మా బిడ్డ దయ్యాన్ని సుత డిబేట్ల ఓడగొట్టింది," అని చెప్పుకున్నాడు.

నవీన రోజూ తెల్లారేసరికి మేడెక్కేది. బైనాక్యులర్ పెట్టి తొర్రను చూసేది. పిల్లలు రెక్కలు విప్పాయి. ఒకటి కొమ్మ మీదికొచ్చి, పడబోయి నిలదొక్కుకుంది. కింద, రెక్క ఊడిన కిటికీలో గుసగుస వినిపిస్తే, "చదువుకుంటుండు పిల్లగాడు," అని నవ్వుకునేది.

జనవరి పోయింది. ఓ సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే పంజాగుట్ట మెట్రో మెట్ల కింద రిషి ఎదురయ్యాడు. చేతిలో స్వీటు డబ్బా. ముఖమంతా నవ్వు.

"సెలెక్ట్ అయిన అక్కా!"

"అరే వా! కంగ్రాట్స్ తమ్మీ!"

"అంత మీ దయనే. మీరు గన్ని దినాలు ఓపికతోని అడగకపోతే నేనేడ, జాబేడ?"

"నేనేం అడిగిన? ఒట్టే గద వేసిన."

"గదే అక్కా, ప్రశ్నలు." రిషి సిగ్గుపడ్డాడు. "మొదటిసారైతే మస్తు భయమైంది. వానాకాలం. నేనొక్కణ్ణే సదువుకుంటుంటే, కిటికీ లోపల్నుంచి ఎవరో టెల్ మీ అన్నరు. ఉరుకుదామనుకున్న. మళ్ళ అనుకున్న, అవతల లేడీస్ హాస్టలే గదా, ఎవరో అక్క దయతలచి అడుగుతుందని. మీరు గా రోజు బయటికి వచ్చేదాంక మొఖం సుత తెల్వదు నాకు."

మెట్ల మీద జనం దిగుతున్నారు. ఎవరి భుజమో తగిలింది. నవీన కదలలేదు.

"తమ్మీ... గా రోజు నన్ను అడిగింది... నువ్వే గదా?"

"నేనెందుకు అడుగుత అక్కా! మెట్ల కాడ టై కట్టుకుంటున్న. మీరే ప్రశ్న అడిగి, మీరే జవాబు చెప్తుంటిరి. నాకోసం డెమో ఇస్తున్నరనుకున్న. బర్డ్ వాచింగ్ అని ఎంత మంచిగ చెప్పిండ్రు!"

స్వీటు డబ్బా ఆమె చేతిలో పెట్టాడు.

"నిన్న పొద్దుగాల ఆఖరుసారి చెప్పిపోదామని వస్తిని గదా. మీరు ఎప్పటిలెక్కనే లోపల్నుంచే, ఎనీ క్వశ్చన్స్ అన్నరు. నేనన్న, జాబ్ దొరికింది, ఇగ రాను, రేపటిసంది మీకు తోడెవరక్కా అని. మీరేమన్నరో యాదికుందా?"

రిషి ఆ గుసగుసను అనుకరిస్తూ, నవ్వుతూ చెప్పాడు.

"పిట్టల పిల్ల ఉన్నది గదా... రోజూ పైకెళ్ళి నా దిక్కే చూస్తది. దాన్ని పిలుసుకుంట — అన్నరు. మీ గురించి మీరే గట్ల చెప్పుకుంటుంటే... మస్తు నవ్వొచ్చింది అక్కా!"